ఆట వస్తువులకన్నా ముందు నానమ్మకి ఒక అరుగు

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగాల వల్ల బెంగళూరులో, కె.ఆర్.పురం దగ్గర ఒక లేఅవుట్‌లో స్థిరపడ్డాం. బాబుకి మూడేళ్లు నిండాయి. పగలంతా మా అత్తగారి దగ్గర ఉంటాడు, సాయంత్రం ఆవిడే పార్కుకి తీసుకెళ్తారు. అక్కడ విరిగిన ఉయ్యాల, తుప్పు పట్టిన జారుడుబల్ల తప్ప ఏమీ లేవు. ఈ ఏడాది అసోసియేషన్ తరఫున పిల్లల కోసం నాలుగు లక్షలు పోగుచేశాం. ఒక కంపెనీ వాళ్లు ప్లాస్టిక్ ఆట సెట్టు, రబ్బరు ఫ్లోరింగు, బటన్ నొక్కితే అక్షరాలు, రైమ్స్ వినిపించే 'స్మార్ట్ లెర్నింగ్ వాల్' కలిపి కొటేషన్ ఇచ్చారు. మాట, లెక్క, తెలివి అన్నీ పెరుగుతాయంటున్నారు. కమిటీలో కొందరు పెద్దవాళ్లకి పార్కులో పిల్లల గోలే ఇష్టం లేదు. ఇంకొందరేమో పక్క సైటులో బిల్డింగు పనివాళ్ల పిల్లలు వచ్చి పాడుచేస్తారు, గేటుకి తాళం వేద్దాం అంటున్నారు. బాబు ఇంట్లో తెలుగు, బయట కన్నడం, హిందీ వింటాడు. మాటలు కాస్త ఆలస్యంగా వస్తున్నాయని నాకు లోపల టెన్షన్. ఈ డబ్బుతో వాడికి, వాడి ఈడు పిల్లలకి నిజంగా పనికొచ్చేది ఏం చేయించాలి? అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.
— ఒక తల్లి, బెంగళూరు

సమాధానం:

అమ్మా, అడ్వాన్స్ ఇవ్వలేదన్నారు, చాలా సంతోషం. ఇంకొన్నాళ్లు ఇవ్వకండి. ఆ కొటేషన్‌లో ముందుగా కొట్టేయాల్సింది ఆ స్మార్ట్ గోడని. ఎందుకు వద్దో చెప్తే, మిగతా డబ్బు దేనికి పెట్టాలో కూడా అందులోనే తెలుస్తుంది.

బటన్ నొక్కగానే గోడ 'ఏ ఫర్ యాపిల్' అంటుంది. బాబు మళ్లీ నొక్కుతాడు, గోడ మళ్లీ అదే అంటుంది. 'నానమ్మా, యాపిల్ ఎర్రగా ఎందుకుంది?' అని వాడికి అడగాలనిపిస్తే గోడ దగ్గర జవాబు లేదు. నానమ్మ దగ్గర ఉంది, కానీ ఆ చప్పుడులో ఆవిడ మాట వాడికి వినపడదు. మాటలు చెవిన పడితే చాలదు. తను ఒక మాట అంటే ఎదుటి మనిషి దానికి బదులు చెప్పాలి, అప్పుడే పిల్లలకి భాష వంటబడుతుంది. 2018లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లల ఇళ్లలో జరిగే మాటల్ని రికార్డు చేశారు. తర్వాత ఆ పిల్లలు కథ వింటుండగా వాళ్ల మెదడు ఎలా పనిచేస్తుందో స్కాన్‌లో చూశారు. మొత్తం ఎన్ని మాటలు విన్నారన్నదాని కన్నా, పెద్దవాళ్లతో ఎన్నిసార్లు మాటకి మాట నడిచిందన్నదే మెదడులోని భాషా భాగం చురుకుతో ముడిపడి కనిపించింది. ఇంట్లో డబ్బు, చదువు ఎక్కువైనా తక్కువైనా అంతే.

కాబట్టి పార్కులో పెట్టబోయే ప్రతి వస్తువు విషయంలోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దీని దగ్గర మా అత్తగారు, బాబు ఏం మాట్లాడుకుంటారు? ఏమీ తట్టకపోతే, అది ఎంత రంగులమయంగా ఉన్నా వద్దు.

ఊళ్లో నలుగురూ తిరిగే చోట్లలో ఈ పని చేసి చూపించినవాళ్లున్నారు. అమెరికాలో కేథీ హర్ష్-పాసెక్, రొబెర్టా గోలింకాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, పేద కుటుంబాలు ఉండే పేటల్లో పిల్లలు బడి బయట గడిపే సమయం గురించి ఏళ్ల తరబడి పనిచేశారు. 2017లో పశ్చిమ ఫిలడెల్ఫియాలో ఒక బస్టాపు పక్కనున్న స్థలంలో వాళ్ల బృందం పజిల్ ఉన్న బెంచీ, గెంతుకుంటూ వెళ్లే గళ్లు, కథ అల్లుకోవడానికి బొమ్మలున్న దారి ఏర్పాటు చేసింది. అక్కడ బస్సు కోసం ఎటూ నిలబడాల్సిందే. ఆ నిలబడే సమయంలో పెద్దవాళ్లు, పిల్లల మధ్య అంకెలు, ఆకారాలు, దిక్కుల గురించిన మాటలు పెరిగాయని తర్వాతి పరిశీలనలో తేలింది. అంతకు ముందు, 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం సూపర్ మార్కెట్లలో బోర్డులు పెట్టారు. పాల అర దగ్గర ఆవు బొమ్మ, 'నా నుంచి వచ్చేవాటిలో నీకేది ఇష్టం?' అనే తరహా ప్రశ్న. అంతే, ఇంకేం ఖర్చు లేదు. పేద పేటల్లోని దుకాణాల్లో తల్లీపిల్లల మాటలు బాగా పెరిగాయి. కాస్త కలిగినవాళ్లుండే చోట పెద్ద మార్పు రాలేదు, అక్కడ ముందునుంచే మాట్లాడుకుంటున్నారు కాబట్టి. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి. మీ గేటు తాళం సంగతి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఈ రెండు అనుభవాల నుంచి నాకు అర్థమైంది ఏమిటంటే, పిల్లలు రోజూ ఆగే చోటే మనం పట్టుకోవాలి. పార్కులో బాబు ఉండేది రోజుకి గంట. మిగతా బయటి సమయం నందిని పాల బూత్ దగ్గర నానమ్మ చిల్లర తీసుకునేటప్పుడు, కూరగాయల బండి దగ్గర, బీఎంటీసీ బస్టాపులో, ప్లేస్కూల్ వ్యాను కోసం నిలబడినప్పుడు గడిచిపోతుంది. ఒక వారం రోజులు మీ అత్తగారిని అడిగి, ఎక్కడెక్కడ ఆగుతారో రాసుకోండి. పాల బూత్ పక్క గోడ మీద, యజమాని ఒప్పుకుంటే, నేల నుంచి పిల్లల ఎత్తు వరకూ కోడిపెట్ట, మేకపిల్ల, దూడ బొమ్మలు వాటి అసలు ఎత్తుకి తగ్గట్టు వేయించండి. 'నువ్వు మేకపిల్ల కన్నా పొడుగా? దూడ అంత ఎప్పుడవుతావు?' అని నానమ్మ అడగకుండా ఉండలేరు. ఎవరూ నేర్పకుండానే కొలత, పోలిక మాటల్లోకి వచ్చేస్తాయి. బోర్డు రాస్తే కన్నడం ముందు రాయండి, ఇది వాళ్ల ఊరు. తెలుగు దాని కింద పెట్టుకోవచ్చు. నన్నడిగితే రాతకన్నా బొమ్మే మేలు. పిల్లల్ని తిప్పే నానమ్మలు, ఆయాలు అందరూ చదవగలరని అనుకోకూడదు. బొమ్మయితే ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటారు.

ఇక పార్కు. నాలుగు లక్షల్లో మొదటి ఖర్చు మీ అత్తగారి కోసం పెట్టండి. నవ్వుకోకండి, నేను చాలా గట్టిగా చెప్తున్నాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి పావుగంట నిలబడితే ఇక ఇంటికి పోదాం అంటుంది. పిల్లవాడికి ఆట మొదలయ్యేదే అప్పుడు. చెట్టు కింద, పిల్లలు ఆడే చోటికి మూడు నాలుగు మీటర్ల లోపల, వీపు ఆనుకోవడానికి వీలుగా, లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతులున్న అరుగు కావాలి. ఎత్తు 45 సెంటీమీటర్లు. దాన్ని ఆనుకునే ముందువైపు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఒక మెట్టు, అది బాబు కుర్చీ. ఇద్దరి ముఖాలూ దగ్గరగా ఉంటాయి. పార్కుల్లో బెంచీలు సాధారణంగా నడకదారి వైపు, ఆట వస్తువులు దూరంగా ఒక మూల ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు ఫోన్ చూసుకుంటారు, పిల్లలు తమంతట తాము ఉంటారు. తప్పు వాళ్లది కాదు, బెంచీని అక్కడ వేసినవాళ్లది. నీడ లేకపోతే కానుగ నాటించండి. బెంగళూరువాళ్లు హొంగె అంటారు, త్వరగా పెరుగుతుంది, నీడ చిక్కగా ఉంటుంది. అది ఎదిగేవరకు షేడ్ నెట్టు.

ఆ అరుగుకి సిమెంటు వద్దు, రాయి వేయించండి. దేవనహళ్లి వైపు దొరికే సాదరహళ్లి రాయి ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లకి, గోడలకి వాడారు. రాతి పనివాళ్లు ఇంకా ఉన్నారు. అరుగు మీద వాళ్లచేత వామనగుంటలు చెక్కించండి. రెండు వరుసలు, వరుసకి ఏడు గుంటలు. కన్నడంలో అళగుళి మణె అంటారు, తమిళులకి పల్లాంగుళి. కాబట్టి లేఅవుట్‌లో ఏ ఇంటి బామ్మకైనా తెలిసిన ఆటే. హంపి గుడుల మండపాల్లో నేల బండల మీద చెక్కిన ఆట గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నలుగురు కూర్చునే చోట రాతి మీద ఆట చెక్కడం మనకి కొత్త కాదు.

ఈ ఒక్క ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. రెండేళ్ల పిల్లకి గుంటలో రాయి వేయడం, తీయడమే ఆట. వేళ్లతో పట్టుకోవడం, వదలడం దాంతో సాధనవుతుంది, రేపు పెన్సిల్ పట్టుకునేది ఆ వేళ్లతోనే. మూడేళ్ల పిల్లవాడు ఒక్కో గుంటలో ఒక్కోటి వేస్తూ వెళ్తాడు. ఒక రాయికి ఒక గుంట, ఒక అంకె. 'ఒకటి, రెండు, మూడు' అని పాటలా అప్పజెప్పడానికీ, మూడు అంటే ఎన్నో తెలియడానికీ మధ్య పెద్ద దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించేది ఈ వేసే పనే. నాలుగేళ్లకి తన వంతు వచ్చేవరకు ఆగడం వస్తుంది, అది చిన్న విషయం కాదు. ఐదారేళ్లకి 'ఇక్కడ మొదలుపెడితే ఎక్కడ అయిపోతుంది?' అని ముందుగా చూస్తారు. అదే రాయి, అవే గుంటలు. పిల్లతోపాటు ఆట పెరుగుతుంది. ప్లాస్టిక్ సెట్టులో ఏదైనా ఇలా నాలుగేళ్లపాటు పిల్లవాడికి కొత్తగా ఉంటుందేమో ఆ కంపెనీవాళ్లని అడగండి. ఒక్క జాగ్రత్త: మూడేళ్ల లోపు పిల్లలున్న చోట చింతపిక్కలు, గచ్చకాయలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. వాళ్ల పిడికిలి కన్నా పెద్దవైన నున్నని గులకరాళ్లు పెట్టండి, దానికి తగ్గట్టే గుంటల్ని వెడల్పుగా చెక్కించండి.

నేల మీద తొక్కుడుబిళ్ళ గళ్లు కూడా రాతిలోనే గీయించండి. పెయింటు రెండు వానలకి పోతుంది. పిల్లలు ఒంటికాలి మీద గెంతడం నేర్చేసరికి నాలుగేళ్లు వస్తాయి, అప్పటిదాకా గడి నుంచి గడికి అడుగు వేస్తే చాలు. కాస్త పెద్దపిల్లలకి ఇంకో ఆట పెట్టొచ్చు. కొన్ని గళ్లలో ఒక పాదం ముద్ర, కొన్నింట్లో రెండు. నియమం తలకిందులు: ఒక పాదం కనిపిస్తే రెండు కాళ్లు, రెండు కనిపిస్తే ఒక కాలు. చేయాలనిపించిన పనిని ఆపి, ఆలోచించి వేరే పని చేయడం ఇందులో ఉన్న సాధన. బడిలో కూర్చుని వినడానికి, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకుండా ఉండడానికి కావాల్సింది ఆ నిగ్రహమే.

ఇసుక గుంట తప్పకుండా ఉండాలి. కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయని కమిటీ అంటుంది. నిజమే, అందుకే రాత్రి వల కప్పి కట్టాలి, రోజూ దంతెతో దువ్వాలి. ఆ పని ఎవరిదో ముందే తేల్చి, జీతంలో చేర్చండి. ఇసుక ఒక అడుగు లోతు ఉండాలి, కింద నీళ్లు ఇంకిపోయే దారి ఉండాలి. ఎం-శాండ్ మాత్రం వద్దు. అది రాయి పిండి చేసి తీసినది, కోసుగా ఉంటుంది, దాని దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొంచెమే అయినా కడిగిన నది ఇసుక తెప్పించండి. నీళ్ల ఆటకి కుళాయి పెట్టొద్దు. 2024 వేసవిలో ఈ ఊరు పడ్డ నీటి కష్టం మీకు గుర్తుండే ఉంటుంది, తోటలకి తాగునీళ్లు వాడితే 5,000 రూపాయల జరిమానా పెట్టారు. దానికి బదులు వాలుగా ఒక రాతి కాలువ చెక్కించండి. వాన కురిసిన సాయంత్రం పిల్లలు ఆకు పడవలు వదులుకుంటారు, నీళ్లు నిలవవు కాబట్టి దోమల భయం లేదు.

పక్కన బిల్డింగు కడుతున్నారన్నారు కదా. పునాది తవ్వితే వచ్చే ఎర్రమట్టిని లారీల్లో ఎక్కడికో తోలిస్తారు. రెండు లారీలు మీ పార్కులో వేయమని అడగండి. రాళ్లు, మేకులు ఏరించి, మీటరు ఎత్తు దిబ్బ చేసి గడ్డి పరిస్తే, అదే ఎక్కుడు, అదే దొర్లుడు. దిబ్బ అడుగున రెండున్నర అడుగుల వెడల్పున్న హ్యూమ్ పైపు (లావాటి సిమెంటు గొట్టం) ఒకటి కదలకుండా పాతిపెట్టి, రెండు చివర్లూ తెరిచి ఉంచండి, ఇటు నుంచి చూస్తే అటు కనిపించాలి. పైన, కింద, లోపల, బయట, ఇటువైపు, అటువైపు అన్న మాటలు పిల్లలు ఒంటితో నేర్చుకునేది ఇలాంటి చోట. నాకు తెలిసి చిన్నపిల్లల కోసం ఇంత తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి వస్తువు లేదు.

మీకు ధైర్యం చెప్పడానికి ఒక పాత ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆల్డో వాన్ ఐక్ అనే యువ ఆర్కిటెక్టు 1947లో బర్టెల్‌మాన్‌ప్లైన్ అనే చోట మొదటి ఆటస్థలం వేశాడు. తక్కువ ఎత్తు గోడలతో ఇసుక గుంట, దూకడానికి గుండ్రటి సిమెంటు దిమ్మెలు, వేలాడడానికి ఇనుప కమ్మీలు. ఏనుగు బొమ్మ జారుడుబల్లలు లేవు. ఏనుగు ఎప్పుడూ ఏనుగే; దిమ్మె అయితే ఇవాళ పడవ, రేపు దుకాణం అవుతుంది. అది చూసి ఇతర పేటల జనం మాకూ కావాలని నగరపాలక సంస్థకి ఉత్తరాలు రాశారు. 1978 నాటికి అలాంటివి 700కి పైగా వచ్చాయి, చాలావరకు ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ ముక్కల్లో.

కదలని రాతితో పాటు కదిలే వస్తువులూ కావాలి. బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో ఈ సంగతే వాదించాడు: పిల్లలు మార్చగలిగే, జరపగలిగే విడి వస్తువులు ఒక చోట ఎంత ఎక్కువుంటే వాళ్ల ఊహ అంత పని చేస్తుందని. సెక్యూరిటీ గది దగ్గర ఒక చెక్కపెట్టె పెట్టండి. అందులో కొబ్బరి చిప్పలు, నునుపు చేసిన వెదురు ముక్కలు, పాత స్టీలు గిన్నెలు, చెక్క దిమ్మెలు, పీవీసీ పైపు ముక్కలు వేయండి. సాయంత్రం తెరిచి, చీకటిపడ్డాక లెక్కచూసి మూయాలి. కాస్త డబ్బు మిగిలితే చన్నపట్న నుంచి లక్క పూత వేసిన పెద్ద చెక్క పూసలు, బొంగరాలు తెప్పించండి. మన ఏటికొప్పాకవాళ్లు వాడే అంకుడు కర్రతోనే వాళ్లూ చేస్తారు. అవి వానలో ఉంచేవి కావు, పెట్టెలోనే ఉండాలి.

రబ్బరు ఫ్లోరింగు పార్కంతా పరవడం శుద్ధ దండగ. ఎండలో కాలుతుంది, చిరిగితే అతుకు నిలవదు. ఉయ్యాల కింద, జారుడుబల్ల కింద చాలు, అక్కడ కూడా ఇసుక సరిపోతుంది. రంగుల విషయంలో గట్టిగా ఉండండి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదని 2017 నవంబర్ నుంచి మన దేశంలో నియమం అమల్లో ఉంది. పరిశ్రమలకి వాడే రంగులకి అది వర్తించదు, ఆట వస్తువుల ఇనుముకి తరచూ వేసేది అవే. సీసం లేదని రాతపూర్వకంగా ఇవ్వమనండి. పార్కులో గన్నేరు, పచ్చగన్నేరు ఉంటే తీసేయించండి, ఆకు నుంచి గింజ దాకా విషమే.

పని మొదలుపెట్టే ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. అంతర్జాతీయంగా 'అర్బన్ 95' అనే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. 95 సెంటీమీటర్లంటే ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు. అంటే మీ బాబు కళ్లు అంతకన్నా కిందే ఉంటాయి. ఆ ఎత్తులో ఫోన్ పట్టుకుని, ఇంటి నుంచి పార్కు దాకా ప్రతి పది అడుగులకి ఒక ఫొటో తీయండి. ఆగిన కార్ల బంపర్లు, తెరిచిన డ్రైనేజీ మూతలు, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ కంచె, పార్కు గేటు గడియ తప్ప ఇంకేమీ కనిపించకపోతే ఆశ్చర్యపోకండి. ఆ ఫొటోలు కమిటీ మీటింగులో వరసగా చూపించండి, మీరు మాట్లాడక్కర్లేదు. దారి బాగులేకపోతే లోపల ఎంత పెట్టినా వృథా. అన్నట్టు, కేంద్ర ప్రభుత్వం 2020 నవంబర్‌లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం పేటల్ని మార్చే 'నర్చరింగ్ నైబర్‌హుడ్స్' చాలెంజ్ ప్రకటిస్తే, తొలి విడతకి ఎంపికైన 25 నగరాల్లో బెంగళూరు ఉంది. మన హైదరాబాద్, వరంగల్, కాకినాడ కూడా ఉన్నాయి. ఆ పద్ధతిలో నాకు నచ్చింది, ముందు తాత్కాలికంగా చేసి చూడడం. మీరూ సుద్దముక్కతో గళ్లు గీసి, ఇటుకలు పేర్చి రెండు వారాలు వదిలేయండి. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో చూశాకే రాతిపని చెప్పండి.

గోల ఇష్టం లేని పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. వాళ్లకి వామనగుంటలు, పులిజూదం గళ్లు చూపించి, ఇవి పిల్లలకి ఎవరు నేర్పుతారు అని అడగండి. నడకదారికీ ఆటచోటుకీ మధ్య మోకాలి ఎత్తు పొదల వరస ఉంటే వాళ్ల నడకా సాగుతుంది. పిల్లలు వాకింగ్‌కి అడ్డుపడతారన్న భయం సగం దాంతోనే పోతుంది.

గేటు తాళం మాత్రం ఒప్పుకోకండి. ఆ పార్కు మీ అసోసియేషన్ సొత్తు కాదు, ప్రజలది. కర్ణాటకలో పార్కులు, ఆటస్థలాల రక్షణకి 1985 నుంచి చట్టం ఉంది. ఆ బిల్డింగు పనివాళ్లలో అనంతపురం, కర్నూలు, రాయచూరు నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల పిల్లలు రోజంతా ఇసుక కుప్పల మధ్యే ఉంటారు, కానీ వాళ్లతో కూర్చుని మాట్లాడే తీరిక ఆ తల్లులకి ఉండదు. సూపర్ మార్కెట్ అధ్యయనం చెప్పింది అదే: ఇలాంటి ఏర్పాట్ల వల్ల ఎక్కువ మేలు జరిగేది ఎవరికి తక్కువ దొరుకుతోందో వాళ్లకి. మీ బాబుకీ నష్టం లేదు. తెలుగులో బొంగరం తిప్పడం నేర్పే ఆరేళ్ల అక్క దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది? దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే టీచరుతో మాట్లాడి, పొద్దున పిల్లల్ని తీసుకురమ్మనండి. నగరంలో చాలా అంగన్‌వాడీలకి ఒక్క గదే తప్ప ఆరుబయట చోటు ఉండదు. పార్కు మధ్యాహ్నం మూసేస్తుంటే ఆ వేళలు మార్చమని కూడా అర్జీలో రాయండి.

అర్జీ అంటే గుర్తొచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా పాతొద్దు. 2025 సెప్టెంబర్‌లో నగరమంతటికీ ఒకటిగా ఉన్న పాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కె.ఆర్.పురం బెంగళూరు తూర్పు నగరపాలిక కిందికి వస్తుంది, అక్కడి ఉద్యాన విభాగానికి గీసిన ప్లానుతో సహా ఇవ్వండి. నడవలేని, కనిపించని పిల్లలకి కూడా వీలుగా ఎలా చేయాలో తెలియాలంటే బెంగళూరులోనే ఉన్న కోల్స్ పార్కుకి వెళ్లి చూడండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు మొదలుపెట్టిన 'కిలికిలి' సంస్థ చొరవతో అక్కడ ఆటచోటు తయారైంది. వీల్‌చైర్ వచ్చే దారి మొదటే వేస్తే పెద్ద ఖర్చు కాదు, తర్వాత వేయాలంటే అన్నీ పగలగొట్టాలి. ఇక నాలుగు లక్షల్లో నాలుగో వంతు తాకకుండా పక్కన పెట్టండి, ఇసుక మార్చడానికి, వల కొనడానికి, పెట్టెలో పోయినవి మళ్లీ వేయడానికి.

చివరిగా, మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన బాబు మాటల సంగతి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, ఆ భయం పెట్టుకోకండి. ఎవరైనా 'ఇంగ్లీషే మాట్లాడండి' అంటే వినొద్దు. మీరు, మీ అత్తగారు ధారాళంగా మాట్లాడగలిగే తెలుగులోనే వాడితో మాట్లాడండి. కానీ మూడేళ్లు నిండాక మూడు మాటలు కలిపి చెప్పలేకపోతున్నా, వాడి మాట ఇంట్లోవాళ్లకే ఎక్కువగా అర్థం కాకపోతున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఇంతకు ముందు వచ్చిన మాటలు పోయినా, పార్కు తయారయ్యే దాకా ఆగొద్దు. ముందు పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష రాయించుకోండి. చెవిలో గుమిలి గట్టిపడటం, తరచూ చెవిపోటు రావడం వంటి చిన్న కారణాలతో కూడా మాట వెనకబడుతుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విషయంలో దేశంలోనే పేరున్నది, బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రిలోనూ చూస్తారు. పరీక్షకి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. పగలంతా వాడు ఏమంటాడో, దేనికి తిరిగి చూస్తాడో, ఏ మాట మళ్లీ మళ్లీ అంటాడో డాక్టరుకి చెప్పగలిగేది ఆవిడే.